పక్క మ్యాచ్ ఫీల్డరు

మాదన్నపేట కూరగాయల మార్కెట్లో నాది ఉల్లిగడ్డల దుకాణం. పేరు రామ్‌చందర్. వారమంతా తరాజు ముందు కూర్చుంటాను, ఆదివారం పొద్దున వికెట్ల వెనక కూర్చుంటాను. నిలబడతాను అని రాయవలసింది గానీ, నా బొజ్జను చూసినవాళ్లెవరూ నమ్మరు. ఇంత ఒళ్లున్న నన్ను ఇరవై ఏళ్లు జట్టులో ఉంచుకున్న మా కప్తాన్ జగదీశ్వర్ కథ ఇది. టీవీల్లో కనిపించే కప్తాన్ల గురించి రాయడానికి బోలెడుమంది ఉన్నారు. మా జగ్గన్న గురించి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

జగ్గన్నది నీళ్ల డిపార్ట్‌మెంట్లో వాల్వ్ తిప్పే ఉద్యోగం. పొడుగాటి ఇనుప చావి స్కూటరుకు కట్టుకొని వస్తుంటే, గల్లీలో ఆడవాళ్లు మాటలు ఆపి బిందెలు సర్దుకునేవాళ్లు. ఆ మర్యాద మంత్రులకు కూడా దక్కదు. బ్యాటింగ్ అంతంత మాత్రం, బౌలింగ్ ఇంకా తక్కువ. అలాంటి మనిషి కప్తాన్ ఎలా అయ్యాడో తెలియాలంటే ముందు మా మైదానం సంగతి తెలియాలి.

మా మైదానంలో ఆదివారం పొద్దున ఒకేసారి మూడు నాలుగు మ్యాచులు నడుస్తాయి. ఒక మ్యాచ్ బౌండరీ ఇంకో మ్యాచ్ వాళ్ల నడుమలోంచి పోతుంది. మన ఫీల్డరు వీపు ఆనించి నిలబడిన మనిషి పక్క మ్యాచ్ ఫీల్డరు కావచ్చు. అన్నీ టెన్నిస్ బంతులే, అన్నీ ఒకే రంగు. అందుకని తాతల కాలం నుంచి అక్కడ ఒక కానూన్ ఉంది. పక్క మ్యాచ్ మనిషి మన బంతిని క్యాచ్ పడితే అవుట్ లేదు. కానీ అతనికి తగిలి బంతి ఆగితే ఆగినట్టే, ఉరికినన్ని పరుగులే లెక్క.

ఈ కానూన్ అందరికీ తెలుసు. దాన్ని వాడుకోవచ్చని జగ్గన్నకు ఒక్కడికే తోచింది. ఒక ఆదివారం మా జట్టులో ఇద్దరు పెళ్లికి పోయి రాలేదు. తొమ్మిది మందిమి, ఎదురుగా ధూల్‌పేట్ వాళ్లు. అప్పటి కప్తాన్ తల పట్టుకుంటే, జగ్గన్న చుట్టూ చూశాడు. పక్క మ్యాచ్‌లో ఒక భారీ మనిషి, బంతి రాకూడదని మొక్కుకుంటూ అంచున నిలబడి ఉన్నాడు. జగ్గన్న చాయ్ అమ్మే యాదగిరిని పిలిచి, ఒక చాయ్ ఆ మనిషికి పంపాడు, జర ఎడమకు నిలబడమని కబురు చెప్పి. ఉట్టి పుణ్యానికి వచ్చిన చాయ్ ఎవరికి చేదు? ఆ మనిషి ఎడమకు జరిగాడు. ఆ రోజు ధూల్‌పేట్ వాళ్ల ఫోర్లు ఆయన పిక్కలకు తగిలి ఆగిపోయాయి. మేం గెలిచాం. సాయంత్రానికి జగ్గన్న కప్తాన్.

ఇక అక్కడి నుంచి ఆయనదే రాజ్యం. అందరికంటే ముందు వచ్చి పక్క మ్యాచుల్లో ఎవరు బద్ధకస్తుడో, ఎవరు లావో చూసుకునేవాడు. కాగితం మీద మేం పదకొండు మందిమి, మైదానంలో పద్నాలుగు మందిమి. క్రికెట్ చరిత్రలో ఒళ్లున్న మనుషులకు అంత గౌరవం ఇచ్చిన కప్తాన్ ఇంకొకడు లేడని నా అభిప్రాయం. క్యాచ్ వదిలినవాడిని ఒక్క మాట అనేవాడు కాదు, తీసుకెళ్లి నీడ ఉన్న చోట నిలబెట్టేవాడు. ధూల్‌పేట్ కప్తాన్ బుచ్చయ్య వినాయక విగ్రహాలు చేసే మనిషి, మట్టిలో నానిన వేళ్లతో బంతిని మెలికలు తిప్పేవాడు. ఏటా ఓడిపోయి, ఏటా ఒకే మాట అనేవాడు, మీరు గెలుస్తలేరు, చాయ్ గెలుస్తుందని.

అంతటి కప్తాన్‌ను దించింది బుచ్చయ్య కాదు, కళ్లు. యాభై దాటాక జగ్గన్నకు దూరం మసకబారింది. ఆయన భార్య రూప వదిన పోరు పెట్టి కళ్లద్దాలు చేయించింది. ఆయన వాటిని బీరువాలో దాచాడు. అద్దాలు పెట్టిన కప్తాన్‌ను చూసి ఎవడు భయపడతాడని ఆయన వాదన. పోనీ, చూడలేని కప్తాన్‌ను చూసి ఎవడు భయపడతాడని వదిన ఎదురు వాదన.

పోయినేడు మైదానం కప్పు ఫైనల్లో అది బయటపడింది. ధూల్‌పేట్ వాళ్లకు గెలవడానికి కొద్ది పరుగులే కావాలి. బంతి గాల్లోకి లేచింది. జగ్గన్న వెనక్కి ఉరికి, దూకి, నేల మీద పడుతూ ఒంటిచేత్తో క్యాచ్ పట్టాడు. నా జీవితంలో అంత మంచి క్యాచ్ చూడలేదు. చెయ్యి పైకెత్తి ఆయన గంతులు వేస్తున్నాడు గానీ మాలో ఒక్కరం కదల్లేదు. అది పక్క మ్యాచ్ బంతి. మా బంతి ఆయన ఖాళీ చేసిన చోటు నుంచే బౌండరీ దాటింది. కప్పు పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ పక్క మ్యాచ్ వాళ్లు కూడా వచ్చి మా క్యాచ్ చెడగొట్టావని లొల్లి పెట్టారు. మా పోరగాళ్లు మొదట బిగబట్టారు, తర్వాత నవ్వారు. కప్తాన్‌ను తిడితే ఓర్చుకోవచ్చు, నవ్వితే కష్టం.

కప్తానీ సాగర్‌కు ఇవ్వాలని అందరూ అనుకున్నారు. సాగర్ కొరియర్ ఆఫీసులో పని చేస్తాడు, మా ఫాస్ట్ బౌలరు, బంతి పట్టడం నేర్చుకున్నదే జగ్గన్న దగ్గర. మరి పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి? పెద్దవాడివని నన్ను తోశారు. ఉట్టి చేతులతో పోలేక ఒక సంచీ నిండా ఉల్లిగడ్డలు తీసుకెళ్లాను. జగ్గన్న నన్ను చూడలేదు, సంచీని చూశాడు.

"సేటు ఉట్టిగ ఉల్లిగడ్డలు తెచ్చిండంటే ఏదో చెడ్డ కబురే. ఎవరికియ్యమంటున్రు, సాగర్‌కేనా?"

నేను తల ఊపాను. ఆయన జేబులోంచి టాస్ వేసే పాత రూపాయి బిళ్ల తీసి నా చేతిలో పెట్టాడు.

"మంచి పోరడే. టాస్‌ల బొమ్మ అడగమను, గా బిళ్లకు బొమ్మే ఎక్కువ పడ్తది."

నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం చాయ్ కూడా తాగకుండా వచ్చేశాను.

ఆ తర్వాత ఆయన మైదానం వైపు రాలేదు. మామూలు ఆటగాడిగా ఆడమని సాగర్ పిలిచాడు, నేను పిలిచాను. ఫికర్ చెయ్యొద్దు, నాకు మస్తు పనులున్నాయి అనేవాడు. ఆదివారం ఆయనకు ఏ పనీ లేదని మా అందరికీ తెలుసు. కొన్నాళ్లకు రూప వదిన నా దుకాణానికి వచ్చింది, ఉల్లిగడ్డల కోసం కాదు.

"ఆదివారమొస్తే ఇంట్ల ఫీల్డింగ్ పెడ్తుండు, రామ్‌చందరూ. పసుపు డబ్బా ఓ మూలకు, కారం డబ్బా ఇంకో మూలకు. నాకు ఉప్పు దొరుకుతలేదు. కప్తానీ పోయినందుకు గాదు, మైదానంల తనకు నిలబడ జాగ లేదని ఒకటే బాధ. తీస్కపోయి ఎక్కడన్న నిలబెట్టు."

నవ్వుతూ మొదలుపెట్టిన మనిషి చివరికి కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఎలాగైనా ఆయనకు మైదానంలో ఒక చోటు చూపించాలని నేను గట్టిగా అనుకున్నాను.

మా పక్కనే పింఛన్ మ్యాచ్ నడుస్తుంది. రిటైరైన వాళ్లు, వయసు మళ్లినవాళ్లు ఆడుకునే మ్యాచ్ అది. దానికి కప్తాన్ బాలనర్సింహ, ఒకప్పటి బస్సు కండక్టరు. జగ్గన్నను బతిమాలి, బెదిరించి, చివరికి వదినతో చెప్పించి అక్కడ చేర్చాను. బీరువాలోంచి అద్దాలు బయటికి వచ్చాయి, జారిపోకుండా వెనక రబ్బరు పట్టీ కట్టుకున్నాడు. బాలనర్సింహకు బస్సు అలవాటు పోలేదు. కొత్తగా ఎవరొచ్చినా, వెనక ఖాళీ ఉంది, వెనక్కి జరగమంటాడు. అలా జరిగి జరిగి జగ్గన్న చేరిన చోటు పింఛన్ మ్యాచ్‌కు ఆఖరు కొస, మాకు మిడ్‌వికెట్ బౌండరీ. అక్కడ చేతులు కట్టుకొని, మా వైపు వీపు పెట్టి నిలబడేవాడు. వీపే గానీ, ఇంటి నుంచి బయటపడ్డాడు కదా అని నేను సంతోషించాను.

ఈ ఏడు దసరా దాటాక ఫైనల్ పడింది. మళ్లీ ధూల్‌పేట్ వాళ్లే. ఆఖరి ఓవరు సాగర్‌ది. మా ఫీల్డరు ఒకడు కాలు బెణికి బయట కూర్చున్నాడు, మిడ్‌వికెట్ ఖాళీ. ఒక్క బంతి మిగిలింది, ఫోర్ కొడితే వాళ్లదే కప్పు. బ్యాటింగ్ బుచ్చయ్యది.

సాగర్ బౌలింగుకు పోతూ ఆగాడు. ఫీల్డింగ్ చూశాడు, పక్క మ్యాచ్ చూశాడు, యాదగిరిని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. ఇలాంటప్పుడు వీడికి చాయ్ ఏమిటని నాకు మండింది. యాదగిరి గ్లాసు పట్టుకొని సాగర్‌ను దాటాడు, మమ్మల్ని దాటాడు, నేరుగా పింఛన్ మ్యాచ్ కొసన ఉన్న జగ్గన్న దగ్గరికి వెళ్లాడు. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

జగ్గన్న గ్లాసు అందుకున్నాడు. వెనక్కి తిరిగి సాగర్‌ను చూశాడు. ఇన్నాళ్లకు మొదటిసారి మా వైపు ముఖం పెట్టాడు. చాయ్ మొత్తం తాగి, గ్లాసు ఇచ్చేసి, అద్దాలు పైకి నెట్టుకొని, జర ఎడమకు జరిగాడు.

ఆ అద్దాల పెద్దమనిషి ఎవరో బుచ్చయ్య పోల్చుకోలేదు. ఖాళీ కనిపించింది, అటే బాదాడు. అదే క్షణంలో పింఛన్ మ్యాచ్ వాళ్ల బంతి కూడా జగ్గన్న వైపే దొర్లింది. ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి, రెండూ ఒకే రంగు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి జగ్గన్న బోర్లా పడి ఉన్నాడు, మా బంతి ఆయన పొట్ట కింద ఉంది. లేచి నా చేతుల్లోకి విసిరాడు. వాళ్లు ఉరికింది రెండే పరుగులు. పింఛన్ బంతి మాత్రం హాయిగా బౌండరీ దాటింది. బాలనర్సింహ అక్కడి నుంచే చేతులూపుతూ తిట్లు మొదలుపెట్టాడు.

బుచ్చయ్య బ్యాటు పట్టుకొని కొట్లాటకు బయల్దేరాడు. దగ్గరికి వెళ్లి ముఖం చూశాక బ్యాటు కింద పడేసి నవ్వడం మొదలుపెట్టాడు, గిప్పటికీ గదే చాయ్, గదే మోసం అంటూ జగ్గన్నను కావలించుకున్నాడు. ఉల్లిగడ్డల వ్యాపారికి కన్నీళ్లు కొత్త కాదు గానీ, ఆ రోజు ఆదివారం, నా దుకాణం మూసి ఉంది.

పోయినేటి క్యాచ్ నా మనసులో మెదిలి, ఊరుకోలేక అడిగాను, ఈసారి ఏది మన బంతో తెలిసే ఆపావా అని. జగ్గన్న చొక్కా కొసతో అద్దాలు తుడుచుకుంటూ, అవతల ఇంకా తిడుతున్న తన కప్తాన్ వైపు ఒకసారి చూశాడు.

"తెల్వకేం, సేటు. సాగర్ చాయ్ తాగిన. తాగినంక ఆపకుంటే ఎట్ల?"

అని, బాలనర్సింహ తిట్లు తినడానికి తన చోటికి నడిచాడు. ఈసారి మా వైపు తిరిగే నిలబడ్డాడు.