బిడ్డ బొమ్మ ఉన్న కూపను

2004 జనవరిలో నన్ను వనపర్తి నుంచి గద్వాల ఐసీడీఎస్ ప్రాజెక్టుకు సెక్టార్ సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. అప్పటికి ఈ ప్రాంతమంతా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. సూపర్‌వైజరంటే అంగన్‌వాడీ టీచర్లకు పైన, ప్రాజెక్టు అధికారికి కింద ఉండే ఉద్యోగం. కేంద్రాలు వేళకు తెరుస్తున్నారా, పిల్లల బరువులు తూస్తున్నారా, గర్భిణులకూ బాలింతలకూ పోషకాహార పొడి ప్యాకెట్లు అందుతున్నాయా అని ఊరూరా తిరిగి చూడాలి. గద్వాల పట్టణంలో నేతగాళ్ళుండే వీధులు నా సెక్టారులోకి వచ్చాయి.

వరసగా కరువు పడ్డ సంవత్సరాలవి. పల్లెల్లో సేద్యం లేక కొనేవాళ్ళు తగ్గారు, దాంతో మగ్గాలూ మందగించాయి. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక స్వచ్ఛంద సంస్థ నేతవాళ్ళ ఇళ్ళలోని బాలింతల కోసం ఉగాది నెల నుంచి ఆహార కూపన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నెలకొక కూపను. దాన్ని బజారులో సంస్థ కుదుర్చుకున్న కిరాణా దుకాణంలో ఇస్తే కందిపప్పు, పల్లీలు, బెల్లం, నూనె, గుడ్లు వంటివి తీసుకోవచ్చు. తల్లి కడుపునిండా తింటే పాలు నిలుస్తాయని, బిడ్డకు ఆరునెలలు నిండేదాకా చనుబాలే సరిపోతాయని వాళ్ళ ఆలోచన. ఆలోచనలో తప్పేమీ లేదు. కూపన్లు వచ్చాక తల్లులు బిడ్డలకు పాలిచ్చే తీరులో మార్పు వస్తోందో లేదో గమనించి చెప్పే బాధ్యతను మా ప్రాజెక్టు అధికారిణి నాకు అప్పగించారు.

ఆ నేతవాళ్ళ వీధుల్లో ఒకదాని అంగన్‌వాడీ టీచరు భారతి. ఆమె వెంట నేను మొదట వెళ్ళిన ఇల్లు వరలక్ష్మిది. ఇరవై దాటని పిల్ల, తొలి కాన్పు. శివరాత్రి తర్వాత పుట్టిందని పాపకు శివలీల అని పేరు పెట్టుకున్నారు. వరలక్ష్మి భర్త నాగరాజు, అత్త తిమ్మక్క, ఒక గుంట మగ్గం, అదే వాళ్ళ సంసారం. తిమ్మక్క పుట్టిల్లు రాయచూరు వైపు. మాటలో కన్నడం పలికేది. మనిషి గట్టిది గానీ మనవరాలంటే ప్రాణం. మేము వెళ్ళేసరికి పాపకు ఒంటినిండా నూనె పట్టించి కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. పాప బొద్దుగా ఉంది. తూకం వేస్తే గ్రోత్ చార్టులో మామూలు బరువు గీతకు పైనే నిలిచింది. వరలక్ష్మి సిగ్గుపడుతూనే, పాలకేమీ కొదవ లేదని చెప్పింది.

గద్వాల చీర సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. చీర నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ నేతలోనే కలిపే పనిని కుప్పడం అంటారు. దానికి మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఒకరు లేస్తే పోగు నడిపే నాడె రెండోవాళ్ళ చేతిలోనూ ఆగిపోతుంది. నాగరాజు పక్కన కూర్చునే రెండో మనిషి వరలక్ష్మే. నెల నిండగానే ఆమె మళ్ళీ మగ్గం గుంటలోకి దిగింది.

ఎండలు ముదిరాక మళ్ళీ వెళ్ళాను. గూట్లో పాలపొడి డబ్బా ఉంది. పక్కనే రబ్బరు పీక బిగించిన ప్లాస్టిక్ సీసా. పాప అవ్వ ఒళ్ళో సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది. తూకం వేస్తే గీత కిందికి జారింది. డబ్బా ఎక్కడిదని అడిగాను.

"కూపను ఇచ్చి తెచ్చినం మేడమ్. దుకాణపాయన గిదే పిల్లలకు మంచిదన్నడు," అంది తిమ్మక్క.

తల్లి దగ్గర పాలు ఉండగా ఇదెందుకని వరలక్ష్మిని అడిగాను. ఆమె మగ్గం మీదనుంచే జవాబిచ్చింది.

"నేను లేస్తే ఆయన నాడె ఆగిపోతది మేడమ్. డబ్బా ఉంటే అత్త తాపుతది. నాక్కూడా పాలు మునుపటి లెక్క వస్తలేవు."

బిడ్డ నోరు పెట్టడం తగ్గితే పాలు తగ్గుతాయి. తగ్గాయని డబ్బా పెంచితే ఇంకా తగ్గుతాయి. ఈ సంగతి తల్లులకు చెప్పడం మా శిక్షణలో మొదటి పాఠం. అదే చెప్పాను. వరలక్ష్మి ఊ కొట్టింది. కానీ డబ్బా మూతలో పొడి ఎంత వేస్తున్నారో చూసినప్పుడు నాకు అసలు భయం పట్టుకుంది. కూపనుకు వచ్చే డబ్బా నెలంతా రాదు. నెలకు సరిపెట్టాలని తిమ్మక్క పొడి తగ్గించి నీళ్ళు పెంచుతోంది. పాప తాగుతున్నది తెల్లనీళ్ళు.

అదే వీధిలో ఇంకా కొన్ని ఇళ్ళలో డబ్బాలు కనిపించాయి. దుకాణానికి వెళ్ళాను. పిల్లల పాలపొడిని ఉచితంగా పంచడం, ప్రచారం చేయడం చట్టం ఒప్పుకోదని, తల్లి లేని బిడ్డల వంటి వాళ్ళకే మినహాయింపు ఉందని చెప్పాను. తాను పంచడం లేదని, అడిగినవాళ్ళకు కూపను మీద అమ్ముతున్నానని దుకాణదారు నిదానంగా బదులిచ్చాడు. సంస్థ కో-ఆర్డినేటరును కలిశాను. చదువుకున్న కుర్రాడు, మర్యాదస్తుడు. ఏం కొనుక్కోవాలన్నది తల్లుల ఇష్టమని, ఆ స్వేచ్ఛ వాళ్ళకు ఉండాలనే కూపను పద్ధతి పెట్టామని అన్నాడు. ఇందులో తల్లి ఇష్టం ఎంతవరకు ఉందో ఒకసారి ఇళ్ళకు వచ్చి చూడమన్నాను. వస్తానన్నాడు. ప్రాజెక్టు అధికారిణికి నివేదిక ఇచ్చాను. ఆమె దాన్ని పై అధికారులకు పంపారు.

ఈలోగా మేము చేయగలిగింది చేశాం. ఎండిన పాలు తిరిగి రప్పించవచ్చు. అయితే బిడ్డకు పగలూ రాత్రీ మాటిమాటికీ చన్ను పట్టించాలి, తల్లి తినాలి, నిమ్మళంగా ఉండాలి. భారతి రోజూ వెళ్ళి వరలక్ష్మి పక్కన కూర్చునేది. నాగరాజుతో నేను మాట్లాడాను. మెత్తని మనిషి. తల దించుకుని విన్నాడు.

"నూలిచ్చే సావుకారు చీర అడుగుతుండు మేడమ్. ఇది దించినంక జర ఆపుత. అందాక ఎట్లనో గట్ల నడుపుకుంటం," అన్నాడు.

చీర దించాక నిజంగానే మగ్గం ఆపాడు. వరలక్ష్మికి మళ్ళీ పాలు ఊరడం మొదలైంది. పాప సీసాకు అలవాటుపడి మొదట ఏడ్చి పెనుగులాడేది. తర్వాత తర్వాత పట్టింది. ఒకరోజు నేను వెళ్ళేసరికి వరలక్ష్మి గోడకు ఆనుకుని పాలిస్తూ, వేలు పెదవుల మీద పెట్టుకుని మాట్లాడవద్దని నాకు సైగ చేసింది. ఆమె ముఖంలో అంత వెలుగు అంతకు ముందు చూడలేదు.

ఆ మగ్గం ఎన్నాళ్ళో ఆగలేదు. తిండికి వేరే దారి లేదు. మగ్గానికి కొత్త నూలు పడుగు ఎక్కించారు. సీసా మళ్ళీ బయటికి వచ్చింది.

తొలకరి పడ్డాక కుళాయిల్లో ఎర్రనీళ్ళు వచ్చాయి. వీధిలో చాలామంది పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. చనుబాలు తాగే పిల్లలు రెండు రోజులు నలతపడి తేరుకున్నారు. శివలీల తేరుకోలేదు. భారతి ఉప్పు-చక్కెర ద్రావణం తాగించింది, ఏఎన్ఎం సిస్టరును పిలిపించింది. గద్వాల దవాఖానలో సెలైన్ పెట్టి, కర్నూలు తీసుకుపొమ్మన్నారు. బస్సులో బయలుదేరారు. కర్నూలు ఇంకా చేరకముందే, అలంపూర్ చౌరస్తా దగ్గర, పాప తల్లి ఒళ్ళోనే పోయింది. నాగరాజు బస్సు ఆపించి భార్యను దించాడు. అక్కడినుంచే వెనక్కి వచ్చారు.

ఆ కబురు నాకు భారతి చెప్పింది. మూడోనాడు వెళ్ళాను. మగ్గం మీద నేత సగంలో ఆగి ఉంది. వరలక్ష్మి రవికె ముందుభాగం తడిసి ఉంది. పాలు వస్తున్నాయి. పాప జబ్బుపడి ఉన్న నాలుగు రోజులూ తల్లి బిడ్డను చన్ను నుంచి విడవలేదట.

"ఇప్పుడెందుకు వస్తున్నయి మేడమ్?" అని అడిగింది. మళ్ళీ తనే, "నా పాలు నేనే ఎండబెట్టుకున్ననా?" అంది.

కాదన్నాను. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు, నేను చూసిన నిజం. ఆమెను ఎవరూ పాలివ్వనీయలేదు. నాగరాజు చెడ్డవాడు కాడు, తిమ్మక్క చెడ్డది కాదు. కానీ ఆ పిల్లకు పాలివ్వడానికి జాగా లేకపోయింది.

తిమ్మక్క గడపలో కూర్చుని ఉంది. అప్పటివరకూ నేను అడగని ప్రశ్న ఆమెను అడిగాను. పప్పు, పల్లీలు, బెల్లం తెచ్చి కోడలికి పెట్టి ఉండవచ్చు కదా, డబ్బానే ఎందుకు తెచ్చారని. ఆమె కోప్పడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పింది.

"కూపను మీద పసిబిడ్డ బొమ్మ ఉండె గద మేడమ్. రాసిందేందో నాకు తెల్వదు. బొమ్మ చూసి బిడ్డదే అనుకుంటిమి. బిడ్డ సొమ్ము తల్లి ఎట్ల తింటది? మొదటి నెల అది పల్లీలు తిన్నది. బిడ్డ నోటి కాడిది తింటుందని నేనే తిట్టిన. బిడ్డకే ముట్టాలని డబ్బా తెచ్చిన. నా చేతులతోటి తాపిన."

అని తన రెండు చేతులూ చూసుకుంది. వరలక్ష్మి లేచి వచ్చి అత్త పక్కన కూర్చుంది.

ఆ వారంలోనే జరిగిన సమీక్ష సమావేశంలో తిమ్మక్క మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. కో-ఆర్డినేటరు ముఖం పాలిపోయింది. ఆ బొమ్మను అందంగా ఉంటుందని వేసినట్టు చెప్పాడు. ఆ తర్వాత కొన్ని మార్పులు జరిగాయి. కూపను తల్లి పేరు మీద, తల్లి ఫొటోతో వచ్చింది. దుకాణంలో డబ్బా ఇవ్వకూడదని రాతపూర్వకంగా చెప్పారు. భారతి కేంద్రంలో మధ్యాహ్నం బాలింతలను కూర్చోబెట్టి పల్లీలూ బెల్లం అక్కడే తినిపించడం మొదలుపెట్టాం. అత్తలు కూడా వచ్చి చూసేవాళ్ళు. కొన్ని ఇళ్ళలో సీసాలు పోయాయి, కొన్నింటిలో పోలేదు. మగ్గం మీద ఇద్దరు కూర్చోవలసిన పని మాత్రం మారలేదు.

కొత్త కూపన్లు వచ్చినప్పుడు వరలక్ష్మి పేరు అందులో లేదు. బిడ్డ లేని తల్లి బాలింత కాదు. నిబంధన ప్రకారం అది సరైనదే. ఆ చలికాలంలో వాళ్ళు మగ్గం విప్పి అమ్ముకుని, కూలికి రాయచూరు వైపు వెళ్ళిపోయారు. తర్వాత వాళ్ళ సంగతి నాకు తెలియదు.

గద్వాల తర్వాత నాగర్‌కర్నూలులో పనిచేసి అక్కడే ఉద్యోగ విరమణ చేశాను. చివరి సంవత్సరాల్లో కొత్త సూపర్‌వైజర్లకు శిక్షణ ఇచ్చేదాన్ని. ఉచితంగా ఇచ్చే ఆహారం తల్లులు బిడ్డలకు పాలిచ్చే తీరును మారుస్తుందా అని వాళ్ళు అడిగేవాళ్ళు. తప్పకుండా మారుస్తుందని చెప్పేదాన్ని. ఎటువైపు మారుస్తుందన్నది మనం ఇచ్చే సరుకు ఒక్కటే తేల్చదు. అది ఎవరిదని ఆ ఇల్లు అనుకుంటుందో, దాన్ని తినడానికీ బిడ్డకు పాలివ్వడానికీ తల్లికి ఎంత తీరిక దొరుకుతుందో, అవి తేలుస్తాయి. ఈ రెండూ కనుక్కోకుండా ఏదీ పంచవద్దని వాళ్ళకు చెప్పాను.