పచ్చి రంగు మీద వార్నిషు

మా చిన్నప్పుడు... ఉప్పుగూడలో మా ఇంటి గూట్లో ఒక బొగ్గింజను బొమ్మ ఉండేది. మూరెడు పొడుగు. మా మల్లేశన్న చెక్కతో, డబ్బారేకులతో చేసింది. స్టేషన్‌కు వెళ్ళి నిజం ఇంజనును చూసి వచ్చి, అచ్చం అలాగే చిన్నగా దించాడు... చక్రాలు కూడా తిరిగేవి.

మా బాపు స్టేషన్‌లో హమాలీ. అక్కడి పెద్దసారు ఒకాయనకు అన్న పనితనం గురించి చెప్పాడట. "రంగులేసి పట్టుకురా, నమూనాలు చేసే వర్క్‌షాపులో పెట్టిస్తా" అన్నాడు సారు. ఆ మాటతో మా ఇంట్లో దీపం పెట్టినట్టయింది.

అన్న నల్లరంగు వేశాడు. దుమ్ము పడకుండా పైన గంప బోర్లించాడు. వానాకాలం... గోడలే చెమ్మగిల్లుతున్నాయి, రంగెక్కడ ఆరుతుంది? రోజూ గంప ఎత్తి వాసన చూసేవాడు. రంగు వాసన పోతేనే లోపల ఆరినట్టట.

ఒక మధ్యాహ్నం బాపు తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"సారుకు బదిలీ అయిందంట రా! రేపు పొద్దుగాల్నే పోతుండు. వార్నిషు కొట్టు!"

"పైకి ఆరింది గని లోపల పచ్చిగున్నది బాపూ. ఇప్పుడు కొడితే ఖరాబైతది. గిట్లనే సూపిద్దాం."

"మెరుపు లేకుంటే ఆయన ఏం సూస్తడు? నా మాటిను."

అమ్మ కుంపటి ముట్టించబోయింది. "వద్దమ్మా, సెగ తగిల్తె పొక్కులొస్తయి" అన్నాడు అన్న. బాపు ముఖం చూసి... వార్నిషు కొట్టాడు.

తెల్లారి గంప ఎత్తితే ఇంజను ఒళ్ళంతా ముడతలు... పాల మీద మీగడలా. అయినా తీసుకెళ్ళారు. ఏమైనా జరగకపోతుందా అని నేనూ వెంట వెళ్ళాను. సారు చేతిలోకి తీసుకోగానే నల్లరంగు ఆయన వేళ్ళకు అంటుకుంది. రుమాలుతో తుడుచుకుంటూ, "మెహనత్ అచ్ఛీ హై... లేకిన్ సఫాయీ నహీ" అని, అంటే కష్టం బాగుంది గానీ పనిలో నీటు లేదని చెప్పి, రైలెక్కేశాడు. తిట్టినా బాగుండేది.

దారిలో బాపు, "నా వల్లనే ఖరాబైంది బిడ్డా" అన్నాడు.

"ఫికర్ జెయ్యకు బాపూ" అన్నాడు అన్న.

అంతే... అన్న మళ్ళీ కుంచె ముట్టలేదు. వానలు తగ్గాక బాపు కొత్త రంగుడబ్బా తెచ్చి గూట్లో పెట్టాడు. మూత తీయకుండానే అది లోపల గడ్డకట్టింది. అన్న కూడా హమాలీ పనికే పోయాడు. నలభై దాటకముందే దగ్గుతో పోయాడు. బాపు ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు.

ఇప్పుడు బొమ్మలకు వేసే రంగులు చిటికెలో ఆరిపోతాయట... రంగుల దుకాణంలో కుర్రాడు చెబుతుంటే వినలేక బయటికొచ్చేశాను.

మీ ఇళ్ళల్లోనూ ఇలా చేతులు ఆగిపోయిన వాళ్ళుంటే... వాళ్ళేం చేసేవాళ్ళో ఇక్కడ రాయండి. పేరైనా చదువుకుంటాం.