పెకాన్ మొక్క తాగని నీళ్ళు

ఆ రోజుల్లో బొమ్మనహళ్ళిలో మేముండే ఇంటికి రెండు నీటి కరువులు ఉండేవి. ఒకటి వీధిది, దానికి ట్యాంకరు వచ్చేది. రెండోది మా చిన్నాన్నది, దానికి ఏ ట్యాంకరూ పనికిరాదు. చిన్నాన్న అంటే మా చిన్నమ్మ భర్త. మదనపల్లె వైపు నుంచి వచ్చి, బెంగళూరులో లెక్కల మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. వెళ్ళిన ప్రతిసారీ, మిషను తగిలించే ముందు బరువు తూస్తారు. ఒంట్లో నీళ్ళెన్ని చేరాయో ఆ తూకం చెప్పేస్తుంది. అందుకని రోజుకు ఆయన తాగాల్సిన నీళ్ళను చిన్నమ్మ పొద్దున్నే ఒక స్టీలు చెంబులో కొలిచి పెట్టేది. అన్నంలో చారు పోసుకున్నా ఆ మేరకు చెంబులోంచి తీసేసేది. ఆమె ఆసుపత్రిలో నర్సు, ఇంట్లో అంతకన్నా పెద్ద నర్సు. నేనేమో అప్పుడే డిగ్రీ ముగించుకుని, హోసూరు రోడ్డు పక్కన ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్‌లో చేరి, వాళ్ళింట్లో మకాం పెట్టాను. రోజంతా చొక్కాల్లో తప్పులు పట్టడం నా పని. తప్పిన కుట్టు, వంకర జేబు, వేలాడే దారం, ఏదీ నా కన్ను దాటి పోయేది కాదు. అలాంటి కన్ను ఇంటికొచ్చాక ఎంత గుడ్డిదైపోయేదో చెప్తాను వినండి.

ఒక క్రిస్మస్ ముందు, సరుకు చూసుకోవడానికి వచ్చిన విదేశీ కొనుగోలుదార్లు మా ఫ్యాక్టరీకి ఒక బుట్టెడు డ్రైఫ్రూట్స్ ఇచ్చి వెళ్ళారు. ఆ బుట్ట మేనేజరు గదిలోంచి మెట్టు మెట్టూ దిగి మా సెక్షన్ చేరేసరికి జీడిపప్పూ బాదమూ ఆవిరైపోయి, ఎవరికీ పేరు తెలియని పెంకుకాయలు గుప్పెడు మిగిలాయి. పెకాన్లట. అక్రోటుకు చెల్లెలి వరస అనుకోండి, కాకపోతే పొడుగ్గా, నున్నగా ఉంటాయి. ఎవరూ తీసుకోకపోతే నేను తెచ్చి చిన్నాన్న చేతిలో పెట్టాను. చిన్నమ్మ వంటింట్లోంచి గద్దలా వచ్చి, "నీకేమన్నా బుద్ధి ఉండాదా పాపా? అవి ఆయనకు కూడదు, పొటాషియం!" అంటూ లాక్కుంది. (మా ఇంట్లో సైతాను కన్నా ఎక్కువసార్లు తలచుకున్న పేరు పొటాషియం. అరటిపండులో అదే, కొబ్బరినీళ్ళలో అదే, చివరికి టమాటా చారులో కూడా అదే.) చిన్నాన్న ఏమాత్రం తొణక్కుండా, "తినొద్దంటివి, సరి. నాటొద్దని యా డాక్టరూ చెప్పలేదు కదా?" అన్నాడు. చిన్నమ్మ కాయలు మళ్ళీ ఆయన చేతిలోనే పోసి వంటింట్లోకి పోయింది.

ఇక మొదలు. ఫోన్లో వీడియోలు చూసి చూసి ఆయన పెకాన్ పండితుడైపోయాడు. ఆ కాయకు గట్టి చలి చూపిస్తే గానీ మొలవదట, బెంగళూరు చలి దానికి దోమకాటుతో సమానమట. తడిగుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో దోసెల పిండి పక్కన పడుకోబెట్టాడు. తలుపు తీసినప్పుడల్లా చిన్నమ్మ ఉలిక్కిపడేది. "తెల్లగుడ్డ మూట చూస్తేనే భయమైతాదప్పా. నాకు ఇంట్లో కూడా మార్చురీ డ్యూటీ వేసినట్ల ఉండాది" అనేది. ఎండలు ముదిరే వేళకు చాలావరకు కుళ్ళిపోయి, ఒకే ఒక్క కాయ పగిలి తెల్లటి వేరు చాచింది. దాని తల్లివేరు పాతాళానికి పోతుందట, కుండీ చాలదట. ఇంట్లో పాత నీళ్ళ డ్రమ్ము ఒకటుంటే అడుగున బెజ్జాలు కొట్టించి, మట్టి నింపించి, మిద్దె మీద పెట్టించాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర నేను నోరు ఊరుకోక "కాయలు ఎప్పుడు కాస్తాయి చిన్నాన్నా?" అని అడిగాను. "పదేండ్లు పట్టచ్చంట" అన్నాడు. చిన్నమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "నాకేం తొందర లే" అన్నాడు చిన్నాన్న, మజ్జిగ లేని అన్నం కలుపుకుంటూ.

వానలున్నంత కాలం ఏ గొడవా లేదు. మొక్క మోకాలెత్తు లేచింది. వానలు వెనకబట్టాక చిన్నాన్న పొద్దునా సాయంత్రమూ మగ్గుతో నీళ్ళు తీసుకుని మిద్దెక్కడం మొదలుపెట్టాడు. చిన్నమ్మ మురిసిపోయింది. "నడకా అయితాది, మనసుకూ బేజారుండదు" అని పక్కింటివాళ్ళకు కూడా చెప్పింది. కానీ ఆసుపత్రిలో తూకం మాత్రం ప్రతిసారీ పైకే. ఆయన కాళ్ళు ఉబ్బేవి, పడుకుంటే ఆయాసం. చిన్నమ్మకు పిచ్చెక్కిపోయింది. ఉప్పు దప్పి పెంచుతుందని ఊరగాయ జాడీలు అటక మీదికెక్కించింది. తర్వాత నా మీద పడింది. "నువ్వే ఏందో చాటుగా పెడ్తాండావు" అంటూ నా బ్యాగు వెతికింది. (బ్యాగులో పుచ్చకాయ ముక్కల డబ్బా దొరికిన మాట నిజమే. అది నాది. నేను తినేదాన్ని. ఎవరు నమ్మాలి?) అవతల మొక్క ఆకుల అంచులు కాలినట్టు ముడుచుకుపోతున్నాయి. రోజూ రెండు మగ్గులు తాగే మొక్క ఎండిపోవడమేమిటి, చెంబెడు నీళ్ళు కూడా తాగని మనిషి ఉబ్బిపోవడమేమిటి? ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని తప్పులు పట్టే మహాతల్లికి, అంటే నాకు, తోచనే లేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక బట్టలు ఆరేయడానికి మిద్దెక్కాను. చిన్నాన్న డ్రమ్ము పక్కన నేల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, మగ్గు ఎత్తి గటగటా తాగుతున్నాడు. నీళ్ళు గడ్డం మీదుగా తెల్లచొక్కా మీదికి కారుతున్నాయి. నన్ను చూసి మగ్గు దించాడు.

"మొక్కకు పోసే ముందు నీళ్ళు ఎట్లుండాయో చూస్తాండా పాపా" అన్నాడు.

"మగ్గు మొత్తం చూడాల్నా చిన్నాన్నా?"

డ్రమ్ములో వేలు పెడితే మట్టి బూడిదలా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అరిచాను. అలా ఇలా కాదు, ఫ్యాక్టరీలో మిషన్ల మోతకు అలవాటైన గొంతు నాది, వీధి చివర చికెన్ కొట్టు దాకా వినబడింది. "చచ్చిపోతావు చిన్నాన్నా! చిన్నమ్మ నీకోసం నైట్ డ్యూటీలు చేసి చస్తాంటే, నువ్వు ఇక్కడ కూర్చోని మొక్క నోరు కొట్టి తాగుతాండావా?" ఆయన తల దించుకున్నాడు. లెక్కల మాస్టరు, ఎందరి చెవులో మెలిపెట్టిన మనిషి, నా ముందు పిల్లాడిలా తల దించుకున్నాడు. చిన్నమ్మ పరుగెత్తుకొచ్చి మెట్ల మీదే ఆగిపోయింది. తిడుతుందనుకున్నాను. అక్కడే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, "ఎంత దప్పి అయ్యిండల్లో..." అంది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

ఆ మర్నాటి నుంచి మొక్కకు నీళ్ళు నేనే పోశాను. అయినా డిసెంబరు చలి పడగానే ఆకులు పసుపు తిరిగి, ఒక్కొక్కటే రాలి, కట్టెపుల్ల మిగిలింది. మామిడి, జామ, సపోటా చూసి పెరిగినవాళ్ళం, ఒక్క ఆకైనా లేకుండా నిలబడిన చెట్టంటే మాకు చచ్చిన చెట్టే. చిన్నాన్న ఒకసారి పైకొచ్చి చూశాడు. "దాని నీళ్ళు నేను తాగేస్తి. చంపేస్తి" అన్నాడు. కిందికి దిగిపోయి, మళ్ళీ మిద్దెక్కలేదు. ఫోన్లో వీడియోలు కూడా మానేశాడు. చెంబులో నీళ్ళు కూడా సాయంత్రానికి మిగిల్చేవాడు. విచిత్రం చూడండి, తూకం దారికొచ్చింది, కాళ్ళ వాపు దిగింది, డాక్టరు భుజం తట్టాడు. మొక్క పోతే పోయింది, మనిషి దక్కాడు అనుకున్నాం.

మాఘమాసం దాటి ఎండ చురుక్కుమంటున్న రోజుల్లో, బట్టలు తీస్తుంటే ఆ కట్టెపుల్ల కొసన పచ్చటి మొగ్గ కనబడింది. ముట్టుకుంటే మెత్తగా ఉంది. చిన్నమ్మను పిలిచాను. నా ఫోన్లో వెతికితే అప్పుడు తెలిసింది, చలికాలంలో ఆకులన్నీ రాల్చేయడం దాని జాతి అలవాటట. నేను ఎగిరి గంతేసి కిందికి పరుగెత్తబోతే చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. "చెప్పొద్దు పాపా. ఇది చచ్చిందనుకోని ఆయన బతికుండాడు. బతికుండాదని తెలిస్తే మళ్ళా మగ్గు పట్టుకుంటాడు." ఆమె కళ్ళల్లో భయం చూసి ఒప్పుకున్నాను. ఇద్దరమూ దొంగల్లా నీళ్ళు మోశాం. మిద్దె మీద మొక్క గుబురుగా చిగురిస్తోంది, కింద చిన్నాన్న గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. అన్నం తగ్గించాడు. మాట తగ్గించాడు.

ఒక పొద్దున ఆటో వచ్చి కింద హారన్ కొడుతోంది. చిన్నాన్న మంచం దిగలేదు. "నేను రాను. ఆటోని పొమ్మను" అన్నాడు.

"పోకపోతే ఏమైతాదో తెలుసు కదప్పా?" అంది చిన్నమ్మ.

"తెలుసు. ఒక మొక్కను బతికించుకోలేకపోతి. నాకేమిటికి ఇంత మిషను, ఇంత గలాటా?"

చిన్నమ్మ బతిమాలింది, ఏడ్చింది, దేవుని పేరు ఎత్తింది. ఆయన కదల్లేదు. ఇంక నా వల్ల కాలేదు. "అది చావలేదు చిన్నాన్నా! బతికుండాది! నీకన్నా మొండిది!" అని అరిచాను. (మళ్ళీ చికెన్ కొట్టు దాకా.) చిన్నమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇద్దరం చెరో రెక్క పట్టుకుని, మెట్టుకో నిమిషం ఆగుతూ పైకి తీసుకెళ్ళాం. చిగురాకులు ఎండలో మెరుస్తున్నాయి. చిన్నాన్న వాటిని చాలాసేపు నిమిరాడు. "నన్ను ఏడిపించి తాను సుమ్మనే, ఊరికే పండుకోనుండాది, దొంగది" అని నవ్వాడు. తర్వాత మగ్గు అడిగాడు. చిన్నమ్మ నింపి ఇచ్చింది. ఆయన ఆఖరి బొట్టు దాకా డ్రమ్ములో పోసి, ఖాళీ మగ్గు బోర్లించి ఆమెకు చూపించాడు. ఆటో ఇంకా హారన్ కొడుతూనే ఉంది. దిగి ఎక్కాడు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ దొంగతనంగా తాగలేదని రాస్తే అబద్ధమవుతుంది. తాగాడు. తూకం చెప్పేది. కానీ ఆసుపత్రికి రానని మాత్రం మళ్ళీ ఏనాడూ అనలేదు. రోజూ పైకెక్కి, కొత్త రెమ్మ ఎంత సాగిందో వచ్చి మాకు లెక్కల పాఠంలా చెప్పేవాడు. ఆ ఏడు వానలు మొదలయ్యాక, చర్చికి తయారై చొక్కా గుండీలు పెట్టుకుంటూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఒంటికి స్నానం చేయించేటప్పుడు చిన్నమ్మ గుడ్డను నీళ్ళలో ముంచి ఆయన పెదాల మీద పెట్టింది. కాసేపటికి మళ్ళీ ముంచింది. "తాగప్పా. ఇంక నిన్నెవురూ తూకం వెయ్యరు" అంది. పక్కన నీళ్ళ బకెట్ పట్టుకుని నిలబడిన నాకు, నేను ఆ మిద్దె మీద ఎంత గట్టిగా అరిచానో అప్పుడు వినబడింది.

చెట్టు ఇప్పుడు మా చర్చి ఆవరణలో నేలలో ఉంది, నాకన్నా ఎత్తు. ఇంకా కాయలేదు. కాస్తుందని కూడా నమ్మకం లేదు. ఎండాకాలంలో చిన్నమ్మా నేనూ వెళ్ళి నీళ్ళు పోసి వస్తాం. ఆ పిల్ల, ఆ చెకింగ్ సెక్షన్ పిల్ల, అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఒక దప్పిగొన్న మనిషి ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, తానే ఆయన్ను బతికించేస్తున్నానని ఎంత నమ్మకమో దానికి! ఇప్పుడైతే ఏం చేసేదానివి అని చిన్నమ్మ మొన్న అడిగింది. అదే చేసేదాన్ని అన్నాను. మగ్గు లాక్కునేదాన్ని, అరిచేదాన్ని కూడా. కాకపోతే ముందు పక్కన కూర్చుని, ఆయన గడ్డం తుడిచి, ఆ తర్వాత అరిచేదాన్ని.