రేవు తెలుగు మాట్లాడిన దొరగారు

మన రంగూను విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు, కవి థార్న్‌బీ దొరగారు ఇక లేరు. నిన్న ప్రొద్దున ఆఫీసుకు వెళ్లిన మా నాన్నగారు కాసేపటికే తిరిగివచ్చి, గుమ్మంలో నిలబడి ఈ దుర్వార్త చెప్పారు. నాకు నమ్మశక్యం కాలేదు. మొన్ననే గదా, జ్వరంతోనే వచ్చి పరీక్షల హాలు కిటికీలు దగ్గరుండి తెరిపించారు!

మా నాన్నగారు ఆయన వద్ద గుమాస్తా. దొరగారి తెలుగు రేవులో కూలీల దగ్గర నేర్చింది. "దొరగారూ, 'ఏటి' అనకూడదండీ, 'ఏమిటి' అనాలి" అని నాన్నగారంటే, "ఏటి, ఎందుకు?" అనేవారట.

నిరుడు మన పఠనమందిరం వార్షికోత్సవానికి ఆయన మన తెలుగువారి మీద తెలుగులో ఒక పద్యం కట్టి, అక్షరదోషాలు చూడమని విద్యార్థినినైన నాకిచ్చారు. చదివితే, ప్రతి చరణం చివరా మనల్ని "కోరంగీ" అని పిలిచారు. గోదావరి తీరపు పాత రేవు పేరు గనుక అది ఆయన చెవికి ఇంపుగా తోచింది. రంగూను వీధుల్లో అది బర్మావాళ్లు మనవాళ్లపై విసిరే తిట్టు అని ఆయనెరుగరు.

"నోరు మెదపకమ్మా. దొరగారికి కోపమొస్తే నా కొలువేటవుతాది?" అన్నారు నాన్నగారు నేను చెబితే, కంగారులో తానూ రేవు తెలుగులోకి జారి.

సభనాడు హాలంతా రేవు కూలీలే. ఆ మాట మీదనే అంతకుముందు వారం రేవులో తలలు పగిలాయి. దొరగారు లేచి కాగితం విప్పారు. నలుగురిలో ఎన్నడూ పెదవి విప్పనిదాన్ని, వేదిక దగ్గరకు వెళ్లి, "అది తిట్టుమాటండీ" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. నాన్నగారు తల వంచుకున్నారు.

దొరగారు కాగితం మడిచారు. "మీ మీద పాట కట్టినాను. అందులో మిమ్మల్ని తిట్టినానట. నాకు తెలీదు. మిమ్మల్ని ఏటని పిలవాల?"

వెనక వరుసలోంచి ఒక ముసలి మేస్త్రీ లేచాడు. "మాకు పేర్లు నేవేటి, దొరబాబూ? నాను సిమ్మాద్రిని. అలాగే పిలవండి!"

సభ గొల్లుమంది. దొరగారు మాత్రం నవ్వలేదు. వేదిక దిగి, వరుసవెంట ఒక్కొక్కరినీ "నీ పేరేటి?" అని అడుగుతూ నడిచారు. "మాట ఇంపుగా ఉంటే చాలదమ్మా. అది ఎవరికి తగులుతాదో తెలియాల" అని పోతూ పోతూ నాతో అన్నారు.

మరునాడు నాన్నగారు ఉద్యోగం మీద ఆశ వదులుకొనే ఆఫీసు మెట్లెక్కారు. ఆయన్ను చూడగానే దొరగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. "గుమాస్తాగారూ, మీ పిల్ల నా పరువు నిలబెట్టినాది" అన్నారట.

రేపో మాపో ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారు. ఆయనా పండితుడే కావచ్చు, కవీ కావచ్చు. తన తప్పు చెప్పిన పిల్ల తండ్రిని చూసి లేచి నిలబడే దొరను మాత్రం మనం మట్టికి అప్పగించి వచ్చాం.