క్యాంపులో కొట్టిన గోల్స్

ఫుట్‌బాల్ క్యాంపు చూసి ఈ సీజన్లో టీం ఎలా ఆడుతుందో చెప్పేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏం చూశారని చెబుతారు? వరంగల్లో మా మిల్లు టీం క్యాంపు ప్రతి ఎండాకాలం జరిగేది. ప్రతి ఎండాకాలం గేటు ముందున్న చాయ్ హోటల్లో ఒకటే మాట, "ఈపారి కప్పు మనదే" అని. వానలు పడి లీగు మొదలయ్యాక అదే మనుషులు ముఖం చాటేసేవాళ్లు. మరుసటి ఏడు మళ్లీ అదే చాయ్, అదే మాట. ఒక ఏడు నేనూ దాన్ని నమ్మాను. నమ్మక ఏం చేస్తాను, ఆ ఏడు వాళ్లు చెప్పుకున్నది నా గురించే.

ఎనభైల మొదట్లో సంగతి. నేను మిల్లులో బద్లీని. బద్లీ అంటే పొద్దున్నే కార్డు పట్టుకుని గేటు ముందు నిలబడాలి. పర్మినెంటు వాడెవడైనా రాకపోతే, కూలీలకు పని పంచే జాబర్ వేలు చూపించి లోపలికి పిలుస్తాడు. పిలవకపోతే ఇంటికి పోవాలి. టిఫిన్ డబ్బా మూత తీయకుండా వాపసు తెచ్చిన రోజు మా అవ్వ, అంటే మా అమ్మ, గడప దగ్గరికి వచ్చేది. డబ్బా అందుకుని లోపలికి పోయేది. తిట్టినా బాగుండేదనిపించేది.

ఆ ఏడు క్యాంపు మొదలైన రోజు, మిల్లులో ఆటల సంగతి చూసే ఆఫీసరు మమ్మల్ని వరసగా నిలబెట్టి, సీజన్లో బాగా ఆడిన బద్లీని ఒకణ్ణి పర్మినెంటు చేయిస్తానన్నాడు. టీంలో బద్లీలం ఇద్దరమే. గోల్స్ కొట్టాల్సిన నేను, గోల్స్ ఆపాల్సిన మా గోల్‌కీపరు.

మా క్యాంపుకు ఒక పద్ధతి ఉండేది. ప్రాక్టీసుకు వేరే టీం దొరికేది కాదు కాబట్టి రాత్రి షిఫ్టు దిగిన కార్మికులే నేరుగా గ్రౌండుకు వచ్చి మాకు ఎదురు ఆడేవాళ్లు. జుట్టు మీద పత్తి నూగు అలాగే ఉండేది. మా గోల్‌కీపరును కూడా వాళ్ల వైపే నిలబెట్టేవారు. వాళ్ల గోలు ముందు అడ్డుపడే బ్యాకు మా బావ, మా అక్క భర్త. లూముల మీద పనిచేసేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన్ని దాటి బాలు పోయిందంటే డిపార్టుమెంటంతా వింతగా చెప్పుకునేవాళ్లు.

అలాంటి మనిషిని నేను రోజూ దాటాను. ఎడమ పక్క నుంచి ఉరికొచ్చి ఒక్కసారిగా లోపలికి తిరిగేవాణ్ణి. ఆయన కాలు కొంచెం ఆలస్యంగా లేచేది. ఆ సందులోంచి గోల్. వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని ఆఫీసరు తల ఊపేవాడు. షిఫ్టు దిగినవాళ్లు ఈలలు వేసేవాళ్లు. పాపం గోల్‌కీపరును మాత్రం అందరూ ఆడుకునేవాళ్లు, "చేతులకు ఆముదం రాసుకొచ్చినవా ఏందిరా" అని. వాడు బాలు తెచ్చి ఇచ్చేవాడు.

నేను గాల్లో తేలిపోయాను. గేటు దగ్గర జాబర్ కూడా నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. అక్క మాకోసం చేపల పులుసు పంపేది. నేను పర్మినెంటయితే మేడారంలో నా బరువంత బెల్లం, మావాళ్లు బంగారం అనేదే, ఇస్తానని అవ్వ సమ్మక్క తల్లికి మొక్కుకుంది. క్యాంపులో పెట్టే గుడ్లూ పాలూ ఒంటికి పడుతుంటే నన్ను ఎగాదిగా చూసి, "నీతోని మొక్కు గూడ పెరుగుతాంది బిడ్డా" అనేది. మా ఇంట్లో అంత నవ్వు నేను మళ్లీ వినలేదు.

లీగు హనుమకొండ గ్రౌండులో మొదలైంది. అప్పటికే వానలు. మొదటి మ్యాచు కాజీపేట వాళ్లతో. వాళ్ల బ్యాకు బక్కపలచని మనిషి, నోట్లోంచి మాట రాదు. నేను ఉరికొచ్చి అలవాటుగా లోపలికి తిరిగాను. బాలు ఆయన కాలి దగ్గర ఉండిపోయింది, నేనొక్కణ్ణే ముందుకు పోయాను. మళ్లీ వచ్చాను, మళ్లీ అంతే. నాకు ఇంకో దారి తెలియదు. ఎండాకాలమంతా ఆ ఒక్క దారే తెరిచి ఉంది కదా, ఇంకోటి నేర్చుకోవాల్సిన పని పడలేదు. బురద అన్నాను, బూట్లు అన్నాను. రెండో మ్యాచుకు బురద లేదు. అందులోనూ అంతే. మూడో మ్యాచుకు నన్ను బయట కూర్చోబెట్టారు. ఆఫీసరు కోప్పడలేదు, నా వైపు చూడటం మానేశాడు.

ఆ సీజన్లో మమ్మల్ని కాపాడింది గోల్‌కీపరే. క్యాంపులో చేతుల్లోంచి బాలు జారవిడిచిన మనిషి, ఎవరు కొట్టినా పట్టాడు. పర్మినెంటు వాడికే అయింది. స్వీటు తెచ్చి మొదట నాకే పెట్టాడు. వాణ్ణి తిట్టుకోవడానికి కూడా నాకు కారణం దొరకలేదు.

ఆ సాయంత్రం బావ మా ఇంటికొచ్చాడు. అవ్వ ఇచ్చిన చాయ్ చల్లారిపోతున్నా తాగలేదు.

"బామ్మర్దీ, ఒక మాట చెప్త. కోపం చెయ్యకు. క్యాంపుల నేను కాలు అడ్డం పెట్టలే."

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడు?" అన్నాను.

"ఎప్పుడూ పెట్టలే. నేనొక్కన్నే గాదు, అందరం అనుకున్నం. సాబు కుర్చీ ఏస్కొని చూస్తాండు, మన పోరడు గోల్ కొడితే పర్మినెంటు అయితడు, జర జరుగుదమని. ఈడనే, క్యాంపులనే నిర్ణయం చేస్తడనుకున్నం."

షిఫ్టంతా కలిసి నా మీద చూపించిన ప్రేమ అది. రాత్రంతా మగ్గాల దగ్గర నిలబడి, నిద్ర మానుకుని వచ్చి, నాకు దారి వదిలారు. ఎవరి మీద మండిపడను? వాళ్లలో ఒక్కడికైనా నా మీద పగ ఉండి అడ్డం పడి ఉంటే, నేను ఇంకో దారి నేర్చుకునేవాణ్ణి. గ్లాసు ఆయన వైపు జరిపి, "చాయ్ తాగు బావా" అన్నాను.

మరుసటి ఎండాకాలం నేనే పోయి బతిమాలితే క్యాంపులో చోటిచ్చారు. ఈసారి నిజంగా ఆడమని బావ దగ్గర మాట తీసుకున్నాను. ఆయన నిజంగానే ఆడాడు. ఉరికొస్తే బాలు లాగేసుకునేవాడు. నేను కింద పడితే చేయి ఇచ్చి లేపి, "మళ్ల రా" అనేవాడు. రోజులు అలాగే పోయాయి. షిఫ్టు దిగినవాళ్లు ఈలలు మానేసి చూసేవాళ్లు. కుర్చీలో ఆఫీసరు పేపరు చదువుకునేవాడు.

క్యాంపు చివరి రోజు ఒక్కసారి దాటాను. లోపలికి తిరగకుండా బయట పక్కగా పోయి కొట్టాను. గోల్. అందరూ ఈలలు వేశారు. నేను గోలు వైపు చూడలేదు, వెనక్కి తిరిగి బావ ముఖం చూశాను. ఆయన వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు.

ఆ ఏడు టీంలో నా పేరు రాలేదు. మిల్లు మూతపడేదాకా బద్లీ కార్డుతోనే గేటు ముందు నిలబడ్డాను. అవ్వ మొక్కు అలాగే ఉండిపోయింది. బావ పోయి చాలా ఏళ్లయింది. బతికి ఉన్నన్నాళ్లూ మేమిద్దరం రోజూ కలిసే చాయ్ తాగాం. అయినా ఆ చివరి గోలు నేను కొట్టిందో, ఆయన ఇచ్చిందో నేను అడగలేదు.