ఇసుక కట్టలో రుమాలు

ఆ ఉదయం కాలువ కట్ట మీద ఉన్నవాళ్లు: నేను, మేస్త్రీ, నలుగురు కూలీలు, నీరటి భార్య. ఉన్నవి: కొబ్బరి పీచు రెండు గంపలు, గోనె నార ఒక గంప, బెస్తవాళ్లు పారేసిన నైలాన్ వలల ముక్కలు, దిమ్మిసలు, నీళ్ల డ్రమ్ము. లేనివాడు నీరటి. పొలాలకు నీళ్లు తిప్పే ఆ మనిషిని కిందటి వానాకాలం ఇదే చోట ఇసుక కట్ట జారి తనతో పాటే కాలువలోకి తీసుకుపోయింది. ఇప్పుడు ఆ పని కొడుక్కి వచ్చింది. నీళ్లు ఆపే తూము కట్ట అవతల ఉంది. రోజూ ఈ కట్ట మీదుగానే నడవాలి.

ఎనభైల మొదట్లో, ఇంజనీరింగ్ డిప్లొమా ముగించాక బాన్సువాడ దగ్గర నా మొదటి పని, జారిన ఆ కట్టను తిరిగి కట్టడం. ఒట్టి ఇసుక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. వేలెడు పోగులు కలిపి, తడిపి, పొరలు పొరలుగా దిమ్మిస కొడితే నిలుస్తాయి. నార తడికి కుళ్లుతుంది, నైలాన్ కుళ్లదు. అందుకే రెండూ.

"ఏంది సారూ, కట్టకు జుట్టు పెడుతున్నవా? ఇగ నూనె గూడ తెమ్మంటవా?" అన్నాడు మేస్త్రీ.

నీరటి భార్య నవ్వలేదు. కొంగులోంచి భర్త తల రుమాలు తీసింది. ఎర్రది. శవంతో పాటు దొరికింది.

"గిది గూడ ఎయ్యి సారూ. కొడుకును పట్టుకుంటడు."

"ఏస్తనమ్మా. గని పోగులు పోగులు ఇప్పాలె. గుడ్డ లెక్కనే పరిస్తే దాని ఎంబడి నీళ్లు దారి జేస్కుంటయ్. మీదున్న ఇసుక జారుతది."

చాలాసేపు దాన్నే చూసి, తల ఊపి, మేస్త్రీ చేతికిచ్చింది. నేను బాన్సువాడకు వెళ్లి మరికొంత నైలాన్ తెచ్చేసరికి ఆ పొర పూర్తయింది.

"ఏసినం సారూ" అన్నారు.

నీళ్లు వదిలిన రోజు కట్ట పక్కన మేకు పాతి కొలత గీశాను. మూడంగుళాలు దాటి కుంగితే కట్ట నిలవదు. మధ్యాహ్నానికి వాలు మీద, మోకాలెత్తున, తడి కనిపించింది. అడ్డంగా, రుమాలంత పొడవున.

మేస్త్రీ తల దించుకున్నాడు. "సచ్చినోని రుమాలు చింపుతమా సారూ? మా చేతులు రాలె. మడత బెట్టి పరిచినం."

కొడుకు అప్పటికే కట్ట నడుమ ఉన్నాడు.

"దిగు బిడ్డా!" తల్లి అరిచింది.

"తూము మూస్తెనే నీళ్లు ఆగుతయే అవ్వా!" అంటూ అతను ముందుకే నడిచాడు.

తడి దగ్గర ఇసుక పెళ్ల ఊడిపడింది. లోపల నీలం నైలాన్, గోధుమరంగు పీచు, నడుమ ఎర్ర అంచు. నీళ్లలోంచి లేచిన తలలా ఉంది. మరో పెళ్ల కదిలి, పోగులకు వేలాడి, అక్కడే ఆగిపోయింది.

"గాయనే" అంది ఆమె మెల్లగా. "పట్టుకున్నడు."

ఈనాటికీ ఏ కాలువ కట్ట మీద నడిచినా నా కళ్లు ఆ ఎర్ర అంచు కోసం వెతుకుతాయి.

కొడుకు తూము మూసి అవతలి ఒడ్డున కూర్చున్నాక, మేకు దగ్గర కొలత చూశాను. కట్ట కుంగింది రెండంగుళాల ముప్పావు.