బాపు పదవి, అమ్మ సంతకం

ఎన్నికలు దగ్గరపడితే పురానాపూల్ దగ్గర మా గల్లీ మొగలో ఇప్పటికీ పోస్టర్లు అంటించడానికి మైదా ఉడికిస్తారు. ఆ పిండి వాసన తగిలితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దాటిపోతాను. నా పదో ఏట మా ఇల్లంతా నెలరోజులు అదే వాసన.

మా బాపుది టెంట్‌హౌస్. లీడర్ల సభలకు షామియానాలు కట్టి, కుర్చీలు వేసి, ఏదో ఒకనాడు ఆ స్టేజీ మీద తన మెడలోనూ దండ పడాలని పదిహేనేళ్లు ఎదురుచూసిన మనిషి. తీరా పార్టీ కార్పొరేటర్ టికెట్ ఇస్తామన్న ఏడాది మా డివిజన్ ఆడవాళ్లకు రిజర్వయింది. బాపు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు అమ్మ పేరు రాసిచ్చి వచ్చాడు. అమ్మను అడగలేదు.

అమ్మ తెలుగూ ఉర్దూ రెండూ చదివేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆడవాళ్లు మా గడప ముందు కూర్చుని, చింతపండులో గింజలు తీస్తూ, రేషన్ దరఖాస్తులూ దవాఖానా చీటీలూ అమ్మ చేత చదివించుకునేవాళ్లు. రంజాన్‌లో పక్కింటి షహనాజ్ ఖాలా పంపే దహీవడలు, బతుకమ్మ రోజుల్లో అమ్మ చేసే నువ్వుల సత్తుపిండి ఆ గడప మీదే చేతులు మారేవి. అమ్మకు ఓట్లు పడింది అందుకే. పోస్టర్లో మాత్రం నిలువెత్తున దండం పెడుతూ బాపు, ఆయన భుజం కింద బొట్టుబిళ్లంత అమ్మ ముఖం.

గెలిచిన రోజు జీపు మీద బాపు, పక్కన నేను. బంతిపూల దండల్లో మునిగి, మర్ఫా డప్పుల దెబ్బలకు గుండె అదురుతుంటే ఆ గెలుపంతా నాదే అనుకున్నాను. అమ్మ ఇంట్లో కార్యకర్తలకు బగారన్నం వండుతోంది.

ఆఫీసు కుర్చీలో బాపే కూర్చున్నాడు. సంతకాల కాగితాలు నేను వంటింటికి తెచ్చేదాన్ని. రెండో ఏడు వానాకాలం ఒక పొద్దున, జొన్నరొట్టెలు చేస్తున్న అమ్మ ఒక కాగితం చదవబోయింది.

"ఏందే ఇది?"

"నాకేమెరుక. జల్ది పెట్టమన్నడు బాపు. మనుషులు కూసున్నరు."

ఆలస్యమైతే బాపు ఆ మనుషుల ముందు నన్ను మెచ్చుకోడని నా తొందర. అమ్మ చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టింది.

మా గల్లీ నీళ్ల పైపు మార్చే పని పూర్తయిందని రాసిన కాగితం అది. పైపు ఎవరూ మార్చలేదు. ఆ కాంట్రాక్టరు బాపు సభలకు జనాన్ని తెచ్చేవాడు. నెల తిరక్కముందే నల్లాలో మురికినీళ్లు కలిశాయి. ఇంటింటా వాంతులు, విరేచనాలు. నాతో గచ్చకాయలాడే మున్నీ, షహనాజ్ ఖాలా చిన్న కూతురు, మూడో రోజు దవాఖానాలో చనిపోయింది. గల్లీవాళ్లు మున్సిపల్ ఆఫీసుకు పోయి నిలదీస్తే అధికారి అమ్మ సంతకం చూపించాడు.

పరామర్శకు పోయిన అమ్మను ఖాలా లోపలికి రమ్మనలేదు.

"అందరి కాయితాలు సదివి చెప్తవు గదా ఆపా. గిదొక్కటి సదవలేదా?"

అమ్మ ఇంటికొచ్చి, రేపటి నుంచి ఆఫీసులో తనే కూర్చుంటానని, జరిగింది అందరికీ చెప్తానని బాపుతో అంది. బాపు గొంతు కూడా పెంచలేదు.

"చెప్పు. కాయితం మీదున్నది నీ పేరు. జైలుకు పోయేది నువ్వే."

మిగిలిన మూడేళ్లూ అమ్మ చదవకుండానే సంతకాలు పెట్టింది. ఆ పొద్దున తొందరపెట్టింది నేనని ఎవరితోనూ అనలేదు, నాతో కూడా.

బాపు పోయి చాలా కాలమైంది. గేటు మీద "మాజీ కార్పొరేటర్" అని ఆయన పేరే ఉంది. ఖాలా వాళ్లు సంతోష్‌నగర్ వెళ్లిపోయారు. రోడ్డు ఎత్తు పెంచినప్పుడు మా గడప సగం పూడిపోయింది; దాని ముందు కూర్చునేవాళ్లూ లేరు.

మొన్న అమ్మ కంటి ఆపరేషన్‌కు నర్సు ఫారం ఇచ్చి పెన్ను అందించింది.

"నాకు సదువు రాదు బిడ్డా," అంటూ అమ్మ బొటనవేలు చాపింది.

నర్సు నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.